రాజగోపాల్ ఆఖరి షాట్

తిప్పన్నను సిరుగుప్ప మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా ఆరు గంటలే టైముంది. డిటెక్టివ్ ఎర్రిస్వామి అప్పటిదాకా చేసిన ఘనకార్యం ఏమిటంటే, హచ్చొళ్ళిలో వెంకటకృష్ణయ్యగారి ఇంటి వెనక స్నానాల గది ముందు గొంతుక్కూర్చుని, దాని ఇనుపరేకు తలుపును అరగంటగా చూస్తూ ఉండటం.

"ఏమప్పా, ఆ తలుపేమన్నా నోరు తెరిచి చెప్తుందా నీకు?" అంది అతన్ని పిలిపించి, వెనకే నిలబడిన వాసవాంబ.

"చెప్తుందమ్మా. మనకే వినే ఓపిక ఉండల్ల."

ఓపిక ఆమెకు లేదు. ఉండమనడం కూడా న్యాయం కాదు. పన్నెండు రోజుల కిందట, నవంబరు మొదటి శుక్రవారం సాయంత్రం, ఆమె తమ్ముడు, సినిమా డైరెక్టర్ రాజగోపాల్ ఇదే తలుపు దగ్గర కూలిపోయి చనిపోయాడు. నలభై ఆరేళ్ళ మనిషి. మొదట వచ్చిన డాక్టరు గుండెపోటు అన్నాడు. యూనిట్ వాళ్ళు ఏడ్చారు, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. మర్నాడు పొద్దున శవానికి నీళ్ళు పోస్తుంటే, కుడి అరచేతిలో శనగగింజంత కాలిన మచ్చ వాసవాంబ కంట పడింది. పోలీసులు వచ్చేదాకా శవాన్ని కదలనిచ్చేది లేదని ఆమె అక్కడే కూర్చుంది. బళ్ళారి బజారులో ముప్పై ఏళ్ళు బట్టల కొట్టు నడిపిన మనిషి. ఆమె కూర్చుంటే లేపగలిగిన మొనగాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

పోస్టుమార్టం రిపోర్టు నిన్న వచ్చింది. కరెంటు షాకు. రిపోర్టు చేతికొచ్చిన గంటలోనే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మన్న షూటింగు జనరేటరు తిప్పే తిప్పన్నను తీసుకుపోయి లాకప్‌లో వేశాడు. అతని వాదం సులువే. ఆ శుక్రవారం అయిదు నుంచి ఏడు దాకా ఊళ్ళో కరెంటు లేదు. ఆ ఇంటి దరిదాపుల్లో కరెంటంటూ ఉంటే అది జనరేటరుదే. జనరేటరు తిప్పన్న చేతిలో ఉంది. పైగా ముందురోజే అతను అందరి ఎదుటా డైరెక్టరు మీద అరిచాడు.

"ఆ కొట్లాట యాడ మొదలైందమ్మా?" అన్నాడు ఎర్రిస్వామి, తలుపు మీది నుంచి కళ్ళు తీయకుండానే.

"పేరు కాడ. సినిమా మొదట్లో పేర్లు పడతాయి కదప్పా, ఆడ తన పేరు కూడా వెయ్యమన్నాడంట తిప్పన్న. జనరేటరోళ్ళ పేర్లు ఎవరేస్తార్రా అని మా గోపాలు నవ్వినాడంట. ఈ పొద్దుతో నీకూ నాకూ సరి అని వీడు అరిచినాడు. అంతే. రాత్రికి ఇద్దరూ ఒకే తట్టలో అన్నం తిన్యారు. చంపేవాడైతే మా గోపాలును ముప్పై ఏండ్ల కిందటే చంపి ఉండల్ల. వాని కోసం మా నాయన చేత దెబ్బలు తిన్నోడప్పా తిప్పన్న."

ఆ కథ ఎర్రిస్వామికి తెలుసు. బళ్ళారిలో తెలియనివాళ్ళు ఎవరు? రాజగోపాలయ్య అనే కుర్రవాడు బట్టల కొట్టులో గజంబద్ద పట్టుకోమంటే రంగుల కుంచె పట్టుకున్నాడు. టూరింగ్ టాకీసులో మిషను తిప్పే తిప్పన్నతో జత కట్టి, సినిమా బోర్డులు రాసి, పంతొమ్మిదో ఏట మద్రాసు రైలెక్కాడు. పన్నెండేళ్ళు అసిస్టెంటుగా నలిగి డైరెక్టరయ్యేసరికి, పేరు చివరి అయ్యను మద్రాసు మింగేసి రాజగోపాల్‌ను మిగిల్చింది. పదిహేనేళ్ళలో ఏడు సినిమాలు తీశాడు. మొదటి అయిదూ వంద రోజులు ఆడాయి. కథ ఎట్లా ఉన్నా రాజగోపాల్ సినిమాలో వెలుతురు చూడాలి అనేవాళ్ళు జనం. ఆ వెలుతురు కెమెరామన్ వెంకట్రావుది, ఏడింటికీ అతనే. ఆరోదీ ఏడోదీ రెండో వారం ముఖం చూడకుండా పోయేసరికి, రాజగోపాల్ పని అయిపోయిందన్నారు. అసలు ఆయన దగ్గర ఏముంది, అంతా కెమెరామన్ చలవే అన్నారు. అప్పుడు ఆయన సొంత గడ్డకు తిరిగొచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కాలువ నీళ్ళతో ఇక్కడి నల్లరేగడిని వరిచేలు చేసిన కుటుంబాల మీద సినిమా మొదలుపెట్టాడు. అటువంటి కుటుంబమే ఈ వెంకటకృష్ణయ్యగారిది. యూనిట్‌లో సగం మంది మకాం ఈ ఇంట్లోనే.

ఎర్రిస్వామి జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు. తలుపు గొళ్ళెం ఇనుపది. బయటివైపు, మడతబందు కింద, తుప్పు గీకేసి తళతళలాడుతున్న చోటు ఒకటుంది, చిటికెన వేలి గోరంత. అక్కడ వైరు తగిలించారన్నది లక్ష్మన్న కూడా చూశాడు. లక్ష్మన్న చూడనిది దానికి జానెడు కింద, తలుపు చట్రం సందులో ఉంది. ఎర్రిస్వామి దాన్ని పట్టకారుతో మెల్లగా లాగాడు. నల్లటి టేపు ముక్క, అంగుళం పొడవు. అంచున దారపు పోగులు వేలాడుతున్నాయి.

"ఇది తిప్పన్న టేపు కాదమ్మా," అన్నాడు లేచి నిలబడి. అతని మొహంలో మొదటిసారి కళ వచ్చింది. "కరెంటోళ్ళ టేపు రబ్బరు మాదిరి మెరుస్తాది, సాగుతాది. ఇది గుడ్డ టేపు. చేత్తో చింపితే పోగులు లేస్తాయి. సినిమా వాళ్ళలో దీన్ని ఎవరు వాడతారో మీకు తెలుసునా?"

"నాకేం తెలుసప్పా!"

"ఫిల్ము డబ్బాల్లోకి వెలుతురు పోకుండా మూతలకు చుట్టేవాళ్ళు. కెమెరా వాళ్ళు."

అంతలో జీపు ఆగిన చప్పుడు. లక్ష్మన్న బెల్టు సర్దుకుంటూ వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడాది సబ్‌ఇన్‌స్పెక్టర్లుగా చేరినవాళ్ళు. ఎర్రిస్వామి పైవాడి మాట పడలేక రాజీనామా ఇచ్చాడు. లక్ష్మన్న అందరి మాటా పడి సర్కిలయ్యాడు.

"ఏమప్పా ఎర్రిస్వామీ, డిపార్ట్‌మెంట్ ఇడిసి ఎనిమిదేండ్లాయ. ఇంకా పంచనామాలు చేస్తాండావా?"

"మీరు సరిగా చేసుంటే నాకెందుకప్పా ఈ తిప్పలు?" అంటూ టేపు ముక్క చూపించి, సంగతి చెప్పాడు ఎర్రిస్వామి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం లక్ష్మన్న. కాని తెలివితక్కువవాడు కాదు, ఎర్రిస్వామికి చిక్కంతా అక్కడే. అతను టేపును అటూ ఇటూ తిప్పి చూసి చిన్నగా నవ్వాడు.

"సరే, కెమెరా వాళ్ళే అనుకో. వాళ్ళు ముగ్గురు. అసిస్టెంట్లు ఇద్దరూ మొదటి ఆటకని నాలుగు గంటలకే సిరుగుప్ప బస్సెక్కినారు, బస్సు నిండా సాక్షులే. మిగిలింది వెంకట్రావు. ఆయప్ప మూడు కిలోమీటర్ల అవతల పిల్లకాలువ గట్టు మీద పొద్దు మునిగేది తీస్తాండాడు. ఆ రీలు మద్రాసులో కడిగించుకుని నిన్న వచ్చిండాది. పదకొండుకు సిరుగుప్ప థియేటర్లో వేయిస్తాండా. నువ్వూ రా, సుమ్నె, ఊరికే చూసి పో."

"ఆ రీలు ఆ శుక్రవారందే అని ఎట్ల చెప్తావు?"

లక్ష్మన్న ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నాడు. "నీళ్ళప్పా! ఆ పిల్లకాలువకు గురువారం అర్ధరాత్రి నీళ్ళు వదిలినారు, శుక్రవారం రాత్రి ఎనిమిదికి కట్టేసినారు. దానికి ముందు పది దినాలూ ఎండే, ఆ తరువాత ఈ పొద్దు దాకా ఎండే. నిన్న ఆయప్పా నేనూ రీలు వెలుతురుకు పట్టి చూసినాం, కాలువ నిండుగా పారుతాండాది, నీళ్ళలో పొద్దు మెరుస్తాండాది. శుక్రవారం గాక ఇంకెప్పుడు తీస్తాడు? కాలువ ఆఫీసు కాగితం కూడా తెప్పించి పెట్టినా."

 పక్కా పని. ఎర్రిస్వామి తానైనా ఇంతకంటే బాగా చేసి ఉండేవాడు కాదు. ఆ సంగతి లోపల ముల్లులా గుచ్చుకుంది.

వెంకట్రావు వరండాలో పెట్టె సర్దుకుని కూర్చుని ఉన్నాడు. యూనిట్ ఆ రాత్రే గుంతకల్లులో మద్రాసు బండి ఎక్కుతోంది. బండి కదిలితే ఈ కేసులో మిగిలేది తిప్పన్న ఒక్కడే. ఎర్రిస్వామి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. వెంకట్రావు మద్రాసులో పుట్టి పెరిగిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు, సినిమాల్లో వినిపించే తెలుగు.

"శుక్రవారం మీరు బయల్దేరింది ఎన్ని గంటలకు సార్?"

"అయిదుంబావుకు. చిన్న కెమెరా భుజాన వేసుకుని సైకిల్ మీద వెళ్ళాను. అయిదూ నలభైకి సూర్యుడు నీళ్ళ అంచుకు దిగాడు. గేదెలు కూడా అడ్డం వచ్చాయి, అదృష్టం. ఆరున్నరకు తిరిగొచ్చేసరికి ఇక్కడ ఏడుపులు."

"డైరెక్టరుగారు స్నానానికి పోయేది?"

"రోజూ అయిదూ నలభై అయిదుకు. గడియారం చూసుకోనక్కర్లేదు."

"కాలువకు మీరు ఒక్కరే పోయినారు, ఎవరూ చూడలేదు."

"రీలు చూసింది కదండీ." వెంకట్రావు నవ్వాడు. "కెమెరా రిపోర్టు కూడా నా చేతిరాతే. సాయంత్రం అయిదూ నలభై అని రాసి ఉంది."

"తెలియక అడుగుతాండా. పొద్దు పుట్టేది తీస్తే ఇంకా బాగుంటుందంట కదా?"

"మిస్టర్ స్వామీ, ఎనిమిదింటికి ముందు నేను నిద్రలేచిన రోజు లేదు. ఏడు సినిమాల్లో రాజగోపాల్ నా చేత ఒక్క సూర్యోదయం తీయించలేకపోయాడు. కావాలన్నప్పుడల్లా సూర్యాస్తమయమే తీసి ఇచ్చాను. పక్కన కోడి కూత కలిపితే సరి, ఎవడు కనిపెట్టాడు?"

ఎర్రిస్వామి ఆ మాటను చిన్న డైరీలో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో అప్పటికి అతనికే తెలియదు. విన్న మాటను వృథాగా పోనివ్వకపోవడం అతని అలవాటు.

బయల్దేరే ముందు వెంకటకృష్ణయ్యగారి భార్య పున్నమ్మ పట్టుచీర కట్టుకుని జీపు దగ్గర తయారైంది. "మా గేదెలు సినిమాలో పడ్డాయటగా! నేనూ వస్తాను బాబూ," అంది.

"ఇది పోలీసు వ్యవహారమమ్మా," అన్నాడు లక్ష్మన్న.

"గేదెలు నావి. మీవా?" అని ఆవిడ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. ఇక లక్ష్మన్న వెనక సీటుకు పోక తప్పలేదు.

సరిగ్గా పదకొండుకు థియేటర్లో దీపాలు ఆర్పారు. ముందు వరసలో లక్ష్మన్న, పక్కన వెంకట్రావు. వెనక వాసవాంబ, పున్నమ్మ, ఎర్రిస్వామి. మరో వరసలో ఇద్దరు కానిస్టేబుళ్ళ నడుమ చేతికి బేడీలతో తిప్పన్న. ఇటునుంచి ఇటే అతన్ని కోర్టుకు తీసుకుపోవాలని లక్ష్మన్న ఏర్పాటు. అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్న తిప్పన్న, తల ఎత్తి తెర వైపు చూడనైనా చూడలేదు.

బొమ్మ పడింది. కాలువ నిండా నీళ్ళు, నీళ్ళ అంచున ఎర్రగా పెద్ద సూర్యుడు. అరచెయ్యిలాంటి చదునైన నేల, ఏ దిక్కో చెప్పడానికి కొండ లేదు, గుడి లేదు. నల్లటి గట్టు మీద ఒకదాని వెనక ఒకటి ఎనిమిది గేదెలు నడిచిపోయాయి. వాటి నీడలు నీళ్ళలో వణికాయి. ఒకటిన్నర నిమిషం. కానిస్టేబుళ్ళు కూడా "ఆహా" అన్నారు.

దీపాలు వెలిగాయి. లక్ష్మన్న వెనక్కి తిరిగాడు. "సాకా, చాలునా? ఇంకా చూడల్లా?"

ఎర్రిస్వామి చూపు గడియారం మీదికి పోయింది. పదకొండూ రెండు.  పక్కన వాసవాంబ ఉస్సురంది. అప్పుడు పున్నమ్మ గొంతు ఖంగుమంది.

"ఇది సాయంత్రం అంటారేంటండీ? పొద్దున పూటయితేనూ!"

"ఏందమ్మా నువ్వు చెప్పేది?"

"వెనకవాటి పొదుగులు చూడండి బాబూ! వట్టి తిత్తుల్లా వేలాడుతున్నాయి. పొద్దున్నే పాలు పిండుకుని తోలితేనే ఇలా ఉంటాయి. సాయంత్రం ఇంటికొచ్చే గేదెకు పొదుగు కుండలా ఉండి, కాళ్ళు ఎడం చేసి నడుస్తుంది. దూడ గుర్తొచ్చి ఉరుకుతుంది కూడాను. ఇవి చూడండి, నిద్రమొహాలు వేసుకుని ఎలా పోతున్నాయో."

వెంకట్రావు పకపకా నవ్వాడు. "ఎదురు వెలుతురులో అన్నీ నీడలేనమ్మా. నీడలో పొదుగు కొలుస్తారా?"

"ఎనుము పొదుగును కోర్టులో సాక్షి అని నిలబెట్టల్లా ఏంది?" అన్నాడు లక్ష్మన్న. కానిస్టేబుళ్ళు నవ్వారు.

ఎర్రిస్వామి నవ్వలేదు.  నీళ్ళు వదిలింది గురువారం అర్ధరాత్రి. అంటే శుక్రవారం పొద్దున కూడా కాలువ నిండుగానే ఉంది! లక్ష్మన్న కట్టిన కోటకు తలుపు అక్కడే తెరిచి ఉంది. ఇంతమంది చూసి కూడా దాంట్లోంచి ఎవరూ తల దూర్చలేదు.

"ఇంకోసారి వెయ్యమనప్పా," అన్నాడు గట్టిగా.

"టైము లేదు."

"మూడు గంటల దాకా ఉండాది. ఒక మనిషి బతుకు ఇది. ఒకటిన్నర నిమిషం ఇయ్యలేవా?"

లక్ష్మన్న విసుగ్గా చెయ్యి ఊపాడు. మళ్ళీ బొమ్మ పడింది. ఎర్రిస్వామి లేచి తెర దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"పున్నమ్మగారూ, ముందు నడిచేది ఎవరిది?"

"మాదేనండీ. ఒంటికొమ్ము కనపట్లా? కిందటేడు బండికి తగిలి రెండోది విరిగింది." అంటూనే ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో అయ్యో, దాని కడుపు చూడండి! నిండు చూలు! ఆ శుక్రవారం మధ్యాహ్నమే కదండీ అది ఈనింది! మీ యూనిట్ వాళ్ళు అన్నాలకు కూర్చున్నప్పుడు, పొలంలో! వంటాయన పరుగెత్తుకొచ్చి దూడ కాళ్ళు పట్టి లాగాడు!"

వెంకట్రావు నవ్వు ఆగిపోయింది. రీలు అయిపోయి తెర తెల్లబడింది.

"లక్ష్మన్నప్పా," అన్నాడు ఎర్రిస్వామి, ఒక్కో మాటను రుచి చూస్తున్నట్టుగా. "శవాన్ని పంపించినాక, ఆదివారం నువ్వు మళ్ళీ పంచనామాకు పోతివి. ఆ పొద్దు పున్నమ్మగారింట్లో ఏం తింటివి?"

లక్ష్మన్న తటపటాయించాడు. "జున్ను."

"ఎన్ని గిన్నెలు?"

"అది నీకెందుకప్పా?"

"మూడండీ," అంది పున్నమ్మ. "ఎప్పుడు ఈనిందమ్మా అని అడిగారు కూడా. శుక్రవారం మధ్యాహ్నం బాబూ, ఇంకో రోజు దాటితే జున్ను రాదు, తినండి అన్నాను."

"హౌదా, నిజమేనా?" అన్నాడు ఎర్రిస్వామి.

జిల్లాలో అందరికంటే మొండివాడని పేరున్న లక్ష్మన్న, తన నోరే తనకు సాక్షిగా నిలబడితే ఏం చేస్తాడు? "అవును. ఈమె చెప్పింది," అన్నాడు నేల చూస్తూ. తరువాత మెల్లగా తల ఎత్తి వెంకట్రావు వైపు తిరిగాడు. ఎంతైనా పోలీసు రక్తం. "మధ్యాహ్నం ఈనిన ఎనుము సాయంత్రం అయిదూ నలభైకి నిండు చూలుతో గట్టు మీద ఎట్ల నడిచిందప్పా వెంకట్రావూ?"

వెంకట్రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పొరపాటు పడి ఉంటాను. రిపోర్టులో టైము తప్పుగా రాశాను. పొద్దున తీసిందే అయి ఉంటుంది."

ఎర్రిస్వామి డైరీ తెరిచాడు. "ఎనిమిదింటికి ముందు నేను నిద్రలేచిన రోజు లేదు. మీ మాటే సార్, పొద్దున పది గంటలకు చెప్పింది. సాయంత్రం తీయలేదు. పొద్దున లేవలేదు. మరి అయిదూ నలభై అయిదుకు మీరు యాడ ఉండిరి?"

వెంకట్రావు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. అయినా అతను ఇంకా దొరకలేదు, ఆ సంగతి ఎర్రిస్వామికి తెలుసు. టైము తప్పు రాసినంత మాత్రాన ఎవరినీ ఉరి తీయరు. మద్రాసు నుంచి ఒక మంచి వకీలు వస్తే, టేపు ముక్కనూ గేదెనూ కలిపి కాలువలో కలిపేస్తాడు. ఈ మనిషి నోట నిజం రావాలి. ఇతనికి నొప్పి ఎక్కడుంది? ఏడు సినిమాల పోస్టర్ల మీద తనది చిన్నక్షరాల్లో, రాజగోపాల్‌ది పెద్దక్షరాల్లో. నొప్పి అక్కడే ఉండాలి. ఎర్రిస్వామి అతని పక్క కుర్చీలో కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమన్నా అనండి సార్, ఈ షాట్ మాత్రం అద్భుతం. మీ ఏడు సినిమాలు నేను చూసినా. ఇంత వెలుతురు దేంట్లోనూ లేదు. మీరు తీసినవాటిల్లోకల్లా ఇదే గొప్పది. మీ పేరు చెప్పుకోవాలంటే ఇంక దీన్నే చెప్పుకోవల్ల."

వెంకట్రావు మొహం నల్లబడింది. మెడనరాలు పొంగాయి. భుజం మీది చేతిని విసిరికొట్టాడు.

"నేను తీసింది కాదది!"

ఆ అరుపు ఖాళీ థియేటర్లో గోడలకు తగిలి తిరిగొచ్చింది. 

"వాడే తీశాడు! నేను నిద్రపోతుంటే, నా కెమెరా పట్టుకుపోయి, నాకు చెప్పకుండా! మధ్యాహ్నం వచ్చి చంటిపిల్లాడిలా సంబరపడిపోతూ చెప్పాడు, వెంకట్రావ్, పొద్దున్నే నేనే తీశానయ్యా, చూడు ఎలా వస్తుందో అని. పదిహేనేళ్ళు వాడికి వెలుతురు పోశాను నేను. చప్పట్లు వాడికి. పేరు వాడికి. ఊళ్ళో జనమంతా రాజగోపాల్ దగ్గర ఏముంది, అంతా వెంకట్రావే అంటుంటే, ఆ ఒక్క మాటతో బతికాను. ఆ మాట కూడా నాకు మిగల్చకూడదనుకున్నాడు వాడు! నేను లేకుండా తీస్తాడా? తీసి చూపిస్తాడా?"

"అందుకని తిప్పన్న కన్నుగప్పి, జనరేటరు నుంచి తలుపుకు వైరు తగిలిస్తివి," అన్నాడు లక్ష్మన్న నెమ్మదిగా.

"తగిలించాను! ఆ రీలు నాదని రాసుకున్నాను కూడా. తెర మీద చూసేదాకా తెలియలేదు నాకు, అది అంత బాగా..." వెంకట్రావు మిగతా మాట మింగేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

లక్ష్మన్న లేచాడు. జేబులోంచి తాళంచెవి తీసి, తిప్పన్న చేతుల బేడీలు తానే విప్పాడు. విప్పిన బేడీలను వెంకట్రావు చేతులకు వేశాడు. "టేపు ముక్క ఇట్లియ్యి. వంటాయన వాంగ్మూలం ఈ పొద్దే తీసుకుంటా," అన్నాడు ఎర్రిస్వామితో. ఆగి, గొంతు సవరించుకుని, "కేసు డైరీలో నీ పేరు రాస్తానప్పా," అన్నాడు. అంత పొడుగు మనిషి ఆ మాట అనడానికి ఎంత వంగాడో ఎర్రిస్వామికి తెలుసు. పట్టరాని ఆనందంతో అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

తిప్పన్న మణికట్లు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. విడుదలైన సంగతి అతనికింకా తలకెక్కలేదు. తెల్లగా వెలుగుతున్న తెరనే చూస్తున్నాడు.

"మావోడే తీసిండాడా దాన్ని?" అన్నాడు బొంగురు గొంతుతో. "రాజగోపాలే? సొంతంగా?"

"సొంతంగానే," అన్నాడు ఎర్రిస్వామి.

"నేను చూడలేదప్పా. తల ఎత్తితే ఏడుపొస్తుందని చూడలేదు." అని, ఎవరి అనుమతీ అడగకుండా మెట్లెక్కి మిషను గదిలోకి పోయాడు. లోపలి ఆపరేటరు ఏదో అనబోయి, ఆ ముసలి చేతులు రీలు పట్టుకున్న తీరు చూసి పక్కకు తప్పుకున్నాడు.

మూడోసారి దీపాలు ఆరాయి. కాలువ, సూర్యుడు, ఒంటికొమ్ము గేదె. బొమ్మ అదే. కాని ఈసారి అందరూ ముందుకు వంగి చూశారు. బేడీల చేతులతో వెంకట్రావు కూడా కళ్ళు తిప్పుకోలేకపోయాడు. నీళ్ళ మీద బంగారం వొలుకుతూ పోతుంటే వాసవాంబ కుర్చీలోంచి లేచింది. చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు.

"చూస్తిరా!" అంది అందరివైపూ తిరిగి, బజారంతా వినపడే గొంతుతో. "మా గోపాలు దగ్గర ఏముంది అన్యారు కదా! చూడండప్పా, కళ్ళు తెరుచుకుని చూడండి! మావోడు తీసిండాడు ఇది, మావోడు ఒక్కడే తీసిండాడు!"

ముందుగా పైన మిషను గదిలోంచి చప్పట్లు వినిపించాయి. తరువాత కానిస్టేబుళ్ళు, పున్నమ్మ, ఎర్రిస్వామి, అందరికంటే గట్టిగా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మన్న.